తుపాను రాత్రి ఉపగ్రహం ముందు ఎవరికి పలకాలి?

పల్లెటూళ్లలో కొన్ని బ్యాంకు శాఖల మేడ మీద ఉపగ్రహంతో కలిపే తెల్ల డిష్ ఒకటి కనిపిస్తుంది. వాన ముదిరిందంటే కౌంటర్లో వినిపించే మాట ఒకటే: "లింక్ పోయింది, గంటాగి రండి." పింఛను డబ్బుకి వచ్చిన ముసలావిడ పాసుబుక్కు తడవకుండా కొంగులో చుట్టుకుని వరండాలో కూర్చుంటుంది. వాన తెరిపిస్తే లింక్ వస్తుంది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అదే వాన తుపానైతే?

2024 నవంబరులో ఫాల్కన్-9 రాకెట్ మీద వెళ్లిన మన ఇంటర్నెట్ ఉపగ్రహం జీశాట్-ఎన్2 సామర్థ్యం సెకనుకు 48 గిగాబిట్లు. పెద్ద అంకెలా ఉంది కదా, 100 మెగాబిట్ల ఫైబర్ ఉన్న 480 ఇళ్లు ఒకేసారి పూర్తిగా వాడితే అయిపోతుంది. దాన్నే దేశమంతటికీ 32 బీములుగా, అంటే ఒక్కో ప్రాంతం మీదికి గురిపెట్టిన తరంగాల పుంజాలుగా పంచారు: ఈశాన్యానికి 8 సన్న బీములు, మిగతా దేశానికి 24 వెడల్పు బీములు. కొండల్లో కేబుల్ లాగడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరూ ఈశాన్యానికి వేసిన ఆ పెద్దపీటను తప్పుపట్టరు.

అసలు చిక్కు వానతోనే. ఈ ఉపగ్రహం వాడే కేఏ బ్యాండ్ అనే అధిక పౌనఃపున్య తరంగాలను వాన చినుకులు బాగా మింగేస్తాయి. సిగ్నల్ బలహీనపడగానే మోడెమ్ ఆ సంగతి నేల మీది గ్రౌండ్ స్టేషన్‌కి (గేట్‌వేకి) చెబుతుంది. అక్కడి నుంచి డేటా తప్పులు సరిదిద్దుకునేలా మరింత దిట్టమైన కోడింగ్‌తో, నెమ్మదిగా వస్తుంది. లింక్ నిలబడుతుంది కానీ, అదే బ్యాండ్‌విడ్త్‌లో, అంటే అదే తరంగాల వెడల్పులో, పట్టే డేటా తగ్గిపోతుంది. ఒక ఊళ్లో వాన పడితే ఆ లోటును బీములోని మిగతా ఊళ్లు సర్దుకుంటాయి. తుపానులో బీము మొత్తం తడుస్తుంది. సెల్ టవర్లు పడిపోయి అందరూ ఉపగ్రహం వైపు చూసే గంటలోనే దాని చేవ తగ్గుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో ఫోన్లు మూగబోయిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ భయం ఊహ కాదని తెలుసు.

సంప్రదాయ ఉపగ్రహాల్లో ఏ బీము ఎటు చూడాలో చాలావరకు నేల మీదే ఖరారైపోతుంది. 2021 జులైలో ఎగిరిన యూటెల్‌శాట్ క్వాంటమ్‌లో మాత్రం 8 బీముల ఆకారాన్నీ దిశనూ కక్ష్యలో ఉండగానే మార్చుకోవచ్చు. మన తర్వాతి ఉపగ్రహాలకు ఈ వెసులుబాటు ఉండి తీరాలి, ఖర్చు ఎక్కువైనా సరే.

అంతవరకూ ఆగనక్కర్లేని పని ఒకటుంది. 2023 టెలికాం చట్టం శాటిలైట్ స్పెక్ట్రమ్‌ను, అంటే ఉపగ్రహ సేవలు వాడుకునే తరంగాలను, వేలం లేకుండా కేటాయించమంది. 2025 మేలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, కంపెనీల ఆదాయంలో 4 శాతం ఛార్జీ సిఫార్సు చేసింది. ఇంత చర్చా ధర చుట్టూనే తిరిగింది. తుపాను రోజున ఉన్న కొద్ది బ్యాండ్‌విడ్త్ ఎవరికి ముందు అన్న మాట గట్టిగా వినపడలేదు. సాగునీటి కాలువ కింద వంతు పద్ధతి ఎందుకొచ్చిందో మన రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆకాశంలోనూ వంతు రాయాలి: ముందు ఆసుపత్రి, కలెక్టరేట్, సహాయక బృందాలు, తర్వాత బ్యాంకులు, వీడియోలు ఆఖరున. గేట్‌వేలో ఈ ప్రాధాన్యాలు పెట్టడానికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, ఆర్డరు కావాలి.

వాన అంతగా అంటని ఎస్-బ్యాండ్ తరంగాల్లో పనిచేసే మన ఉపగ్రహం జీశాట్-6 2015 నుంచి ఉంది. సముద్రంలో ఉన్న పడవకి "వెనక్కి రండి" అని చెప్పడానికి పట్టే డేటా ఎంత? ఒక ఫొటోలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ రెండు మాటలకి చోటు అక్టోబరు వచ్చేలోపే పక్కన పెట్టి ఉంచాలి.