మగకుక్కకి పరీక్షలు అక్కర్లేదా?

మా రాకీ లాబ్రడార్, ఆరేళ్లవాడు. విజయవాడ పటమటలో వాకింగ్‌కి తీసుకెళ్తే ఆగి చూడనివాళ్లు తక్కువ. 'క్రాసింగ్‌కి ఇస్తారా అన్నా?' అని తెగ అడిగేవాళ్లు. ఆ గర్వంతో చేసిన తప్పు రాస్తున్నా, తిట్టాలనిపిస్తే తిట్టండి.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పెద్దావిడ తమ కుక్కని రెండుసార్లు తెచ్చారు. క్రాసింగ్‌కి సరైన రోజు తప్పకూడదని ప్రతిసారీ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ టెస్టులు చేయించారు, ఖర్చంతా ఆవిడదే. రెండుసార్లూ లాక్ పడింది, అంటే జత బాగానే కుదిరింది, చూలు మాత్రం నిలవలేదు. 'మావాడికేం లోటండీ, చూస్తున్నారుగా' అన్నాను. గొడ్డుబోతు అన్న మాట ముందు నా నోటినుంచే వచ్చింది.

తెనాలి వాళ్ల కుక్కకీ నిలవకపోయేసరికి డాక్టర్‌గారు మగదాన్ని తీసుకురమ్మన్నారు. వీర్యం పరీక్షలో కదిలే కణాలు బాగా తక్కువ. తర్వాత స్కాన్. మత్తు ఇవ్వలేదు, జెల్ రాశారంతే. వాడు తోక ఊపుతూ పడుకున్నాడు. బాగున్న వృషణం తెరమీద అంతా ఒకే బూడిద రంగులో, మధ్యలో తెల్లటి గీతతో కనిపిస్తుందట. కుడిది అలాగే ఉంది. ఎడమదాంట్లో బఠాణీ గింజంత నల్లటి మచ్చ. నేను రోజూ స్నానం చేయించే కుక్క, చేతికి ఏనాడూ తగల్లేదు. గడ్డ అయి ఉండొచ్చన్నారు. ప్రోస్టేట్ కూడా పెరిగింది, ఆపరేషన్ చేయించని మగకుక్కల్లో వయసు పెరిగేకొద్దీ అది మామూలేనట.

ఇక నా అసలు కోపం. స్కాన్ బొమ్మ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి 'ఫెర్టిలిటీ ఓకే' అని క్రాసింగ్ ఫీజు పెంచేవాళ్లున్నారు. అయ్యా, స్కాన్ కణాలు లెక్కపెట్టదు! బొమ్మ శుభ్రంగా ఉన్నా వీర్యం పాడై ఉండొచ్చు. బ్రూసెల్లా అనే అంటురోగం ఉందో లేదో అందులో తెలియదు, దానికి రక్తపరీక్ష కావాలి, అది మనుషులకీ అంటుకునే జబ్బు. అలాగని ఒక్క వీర్యం రిపోర్టుతో కొట్టిపారేయడమూ తప్పే. కణం తయారవడానికే రెండు నెలలు పడుతుంది. మన మే నెల ఎండల్లో జ్వరం తగిలిన కుక్కకి జూలైలో కూడా రిపోర్టు బాగోకపోవచ్చు. ఆగి మళ్లీ చేయించాలి. మచ్చలూ గడ్డలూ కనిపెట్టడానికి మాత్రం స్కాన్‌ని మించింది లేదు. అది కుక్క బాగు కోసం, మన బేరం కోసం కాదు.

వచ్చేవారం రాకీకి వృషణాలు రెండూ తీసేస్తున్నారు. నిన్న బ్రాడీపేట ఆవిడకి ఫోన్ చేసి లోపం మావాడిదేనండీ అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

'దాన్ని మొన్న సంక్రాంతికే పొలం కాపలాకి ఇచ్చేశాం బాబూ' అన్నారు.