తనుకిని రకూన్ అనకండి బాబూ

నిన్న రాత్రి ఒక అనిమే చూస్తుంటే సబ్‌టైటిల్‌లో 'రకూన్' అని పడింది. తెర మీద ఉన్నది తనుకి అనే జపాన్ అడవి జంతువు. మన తణుకు కాదు, తనుకి. అది కుక్కల జాతి, కళ్ల చుట్టూ నల్లగా ఉన్నంత మాత్రాన రకూన్ అయిపోతుందా? రకూన్‌కి జపనీస్‌లో వేరే పేరే ఉంది, అరాయిగుమా, అంటే కడుక్కునే ఎలుగు. దాన్ని అమెరికా నుంచి ముద్దుగా పెంచుకోవడానికి తెచ్చుకున్నారు, పెంచలేక వదిలేశారు, ఇప్పుడది పొలాల మీద పడి తింటోంది. గడ్డి టోపీ పెట్టుకుని, చేతిలో సారా సీసాతో, బొజ్జ వేసుకుని తాగుడు కొట్ల ముందు నిలబడే షిగరాకి ఊరి మట్టిబొమ్మ మాత్రం తనుకిది.

ఇంకో చిరాకు, 'జపాన్ జంతువులు' అని తిరిగే పోస్టులు. నిజమైనవి, అంతరించినవి, కల్పితాలు అని మూడు గళ్లు గీసేస్తారు. సరే, కిరిన్‌ని ఏ గడిలో పెడతారు? అది చైనా కథల్లోంచి వచ్చిన శుభ జంతువు, జపాన్ వాళ్లు జిరాఫీని పిలిచేదీ ఆ పేరుతోనే. 1414లో బెంగాల్ సుల్తాను చైనా చక్రవర్తికి జిరాఫీని పంపిస్తే, అక్కడా దాన్ని తమ కథల్లోని ఆ జంతువే అన్నారు. మనకి శరభం, గండభేరుండం ఉన్నా జిరాఫీ జిరాఫీగానే ఉండిపోయింది. బకు కూడా అంతే, పీడకలలు తినేదీ బకే, జూలో ఉన్న టాపిర్ కూడా బకే.

నక్క సంగతి చెప్పక్కర్లేదు. మనం జిత్తులమారి అని తిడతాం, ఎవడికైనా కలిసొస్తే నక్క తోక తొక్కాడంటాం. వాళ్ల కిత్సునె ఇనారి దేవుడి దూత, కథల్లో దానికి తొమ్మిది తోకల దాకా ఉంటాయి (అన్నీ తొక్కితే ఏమవుతుందో మరి). తోడేలు అయితే 1905లో నారా కొండల్లో చివరిసారి దొరికింది, చిచిబులోని మిత్సుమినె గుడి ముందు మాత్రం ఇప్పటికీ రాయై కాపలా కాస్తోంది.

నన్ను బాగా పట్టుకున్నది కవౌసో. అంటే నీటికుక్క, మన కోరంగి మడ అడవుల్లో తిరిగే దాని చుట్టమే. ఒకప్పుడు జపాన్ నదుల నిండా ఉండేది. మనిషి వేషం వేసి దారినపోయేవాళ్లని ఏడిపిస్తుందని కథలు చెప్పుకునేవారు, ముసలిదైతే కప్పా అవుతుందని 15వ శతాబ్దపు నిఘంటువులోనే రాసిపెట్టారు. కప్పా అంటే నెత్తిమీద నీళ్ల గుంటతో ఉండే నది పిల్లాడు, దోసకాయంటే ప్రాణం, దోసకాయ సుషీకి కప్పామాకి అని పేరు కూడా అందుకే వచ్చింది. కథల్లో అలా వెలుగుతుంటే బయట బొచ్చు కోసం చంపారు, నదుల గట్లకి సిమెంటు పోశారు. 1979లో కోచి జిల్లా సుసాకి ఊరి షింజో నదిలో కనబడిందే ఆఖరు. 2012లో పర్యావరణ శాఖ ఇక లేదని ప్రకటించేసింది.

ఇప్పుడు సుసాకి ఊరి మస్కట్ ఎవరనుకున్నారు? ఆ నది పేరే పెట్టుకున్న షింజో-కున్ అనే కవౌసో. నెత్తిమీద టోపీ బదులు ఆ ఊరి స్పెషల్ రామెన్ నూడుల్స్ కుండ. 2016లో దేశవ్యాప్త మస్కట్ల పోటీలో గెలిచింది కూడా. గళ్లు గీసేవాళ్లు దీన్ని ఏ గడిలో పెడతారో కామెంట్‌లో చెప్పండి.