సంతకం పెట్టించుకుంటే శిక్షణ అయిపోదు

విజయవాడను ఆనుకుని ఉన్న కొండపల్లి, ఇబ్రహీంపట్నం ప్రాంతంలో పెట్రోలు, డీజిలు టెర్మినళ్లున్నాయి, వంటగ్యాస్ బాట్లింగ్ ఉంది. విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ దాకా 572 కిలోమీటర్లు సాగే హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) ఇంధన పైప్‌లైన్ విజయవాడ మీదుగానే పోతుంది. చమురు, గ్యాస్ భద్రత విశాఖ వాళ్లదో కోనసీమ వాళ్లదో అనుకుని ఊరుకునే వీలు మనకు లేదు. ఆ పరిశ్రమలో హెచ్‌ఎస్‌ఈ పేరుతో, అంటే ఆరోగ్యం, భద్రత, పర్యావరణం మీద ఇస్తున్న శిక్షణ ఎవరికి అందుతోంది, ఎలా అందుతోంది అని ఈ నగరం గట్టిగా అడగాలి.

కాగితం మీద లోటేమీ కనబడదు. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ (ఓఐఎస్‌డీ) 1986 నుంచి ఉంది. ప్రమాదకరమైన పనికి ముందు ఇచ్చే అనుమతి పత్రం (పర్మిట్) ఎలా ఉండాలో, ఎవరికి ఏ శిక్షణ ఇవ్వాలో ప్రమాణాలు రాసి పెట్టింది. కంపెనీ సొంత ఉద్యోగులకు తరగతులూ జరుగుతాయి. వాల్వు దగ్గర, గొట్టం దగ్గర, ఖాళీ ట్యాంకు లోపల నిలబడేది మాత్రం చాలాచోట్ల కాంట్రాక్టు మనిషి. అతన్ని గంటో రెండు గంటలో కూర్చోబెట్టి, ఇంగ్లీషు స్లైడ్లు తిప్పి, రిజిస్టరులో సంతకం తీసుకుంటే దాన్ని శిక్షణ అనలేం.

ట్యాంకరు నింపే గ్యాంట్రీ దగ్గర పని చూడండి. బండి నింపే చోటుకు (బే) రాగానే ఇంజిన్ ఆపాలి, ఎర్తింగ్ క్లిప్పు తగిలించాలి, ఆ తర్వాతే లోడింగ్ మొదలుపెట్టాలి. ఇంధనం గొట్టంలో పారేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది. అది భూమిలోకి దిగిపోకపోతే చిన్న నిప్పురవ్వ చాలు. క్లిప్పు పళ్లు పెయింటు మీదో తుప్పు మీదో పడితే తగిలించినట్టే కనిపిస్తుంది గానీ ఎర్త్ అందదు. శుభ్రమైన లోహాన్ని కరిచి పట్టుకునేలా పెట్టాలన్నది స్లైడు చూస్తే ఒంటబట్టే విషయం కాదు. తెలిసినవాడు పక్కన నిలబడి నాలుగుసార్లు చేయిస్తేనే వస్తుంది. ప్రమాదకర సరుకు తోలే డ్రైవర్లకు మోటారు వాహన నిబంధనలు మూడు రోజుల శిక్షణ తప్పనిసరి చేశాయి. ఆ లైసెన్సు రెన్యువల్‌కు ఒక రోజు రిఫ్రెషర్ కూడా ఉంది. ఆ రోజుల్లో డ్రైవరు నిజంగా తరగతిలో కూర్చున్నాడో, సర్టిఫికెట్ మాత్రమే చేతికొచ్చిందో రవాణా శాఖ చూడాలి. పక్క సీట్లో ఉండే క్లీనరు సంగతి అసలు ఎవరికీ పట్టడం లేదు.

2009 అక్టోబరు 29 సాయంత్రం జైపూర్ ఇండియన్ ఆయిల్ డిపోలో పక్క టెర్మినల్‌కు పెట్రోలు పంపడానికి లైను సిద్ధం చేస్తుండగా వాల్వు దగ్గర పెట్రోలు చిమ్ముకొచ్చింది. అక్కడున్న ఆపరేటరు ఆవిరికి ఉక్కిరిబిక్కిరయ్యాడు. కాపాడబోయినవాడూ పడిపోయాడు. సుమారు గంటంబావు పాటు పెట్రోలు కారుతూనే ఉంది. ఆ ఆవిరి మేఘం అంటుకుని 11 మంది పోయారు, రోజుల తరబడి ట్యాంకులు కాలాయి. తోటివాడు కళ్లముందు కూలిపోతే ఎవరైనా ముందుకే ఉరుకుతారు. ఆ క్షణంలో ఆగి, శ్వాస పరికరం తగిలించుకుని, అప్పుడు వెళ్లాలంటే చేతులకు అలవాటై ఉండాలి. ఆ పరికరాన్ని బీరువాలో చూసినవాడికీ, కళ్లు మూసుకుని తగిలించుకోగలిగినవాడికీ మధ్య తేడా ప్రాణమంత.

1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు, గ్యాస్ వేదిక కాలిపోయి 167 మంది చనిపోయిన కారణం మరీ బాధ కలిగిస్తుంది. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసి ఉంచారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు అందలేదు, వాళ్లు ఆ పంపునే నడిపారు. షిఫ్టు మారేటప్పుడు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకపోవడం అంతదాకా తెచ్చింది. మన దగ్గర పర్మిట్ కాగితం ఇంగ్లీషులో ఉంటే, దాని కింద సంతకం పెట్టే ఫిట్టరుకు అది చదవడం రాకపోతే, ఆ ఒక్క మాట అతనికెలా అందుతుంది? సేఫ్టీ ఆఫీసరుకు అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష తెలిసి ఉండాలని చాలా రాష్ట్రాల ఫ్యాక్టరీ నియమాలు ఏనాడో చెప్పాయి. పర్మిట్లు, హెచ్చరిక బోర్డులు, పరీక్షలు తెలుగులో ఉండాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకు వాళ్ల భాషలో ఉండాలి.

కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27న పేలిన, ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ పైప్‌లైను తాటిపాక నుంచి గ్యాస్‌ను తెచ్చేది మన కొండపల్లి విద్యుత్ ప్లాంటుకే. 20 మందికి పైగా బలయ్యారు. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు. ఫిర్యాదు వచ్చిన గంటలో ఎవరు కదలాలి, ఏ వాల్వు ఎవరు మూయాలి అన్నదీ శిక్షణలో భాగమే.

హెచ్‌ఎస్‌ఈలో చివరి అక్షరాన్ని, అంటే పర్యావరణాన్ని, అందరూ చివరికే వదిలేస్తున్నారు. నిల్వ ట్యాంకుల చుట్టూ, కారిన నూనె బయటికి పోకుండా డైక్ గోడ కడతారు, వాననీరు పోవడానికి దానికి డ్రెయిన్ వాల్వు పెడతారు. వాన వెలిశాక దాన్ని మూయడం మరిచిపోతే, ట్యాంకు కారిన రోజున నూనె తిన్నగా కాలువ దారి పడుతుంది. ఈ ప్రాంతపు బుడమేరు వాగు ఒకవైపు కొల్లేరుకు పోతుంది, దాని మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. నగరం తాగేది ఆ నదిలో నీళ్లే. 2024 వరదల్లో బుడమేరు ఏం చేసిందో చూశాక కూడా ఒక వాల్వును తేలిగ్గా తీసుకోగలమా?

సేఫ్టీ కోర్సులు చెప్పే సంస్థలు కూడా ఒక మాట వినాలి. గల్ఫ్ ఉద్యోగం ఆశతో అప్పుచేసి ఫీజు కట్టే డిప్లొమా కుర్రాళ్లకు, తమ సర్టిఫికెట్‌ను ఏ ప్రభుత్వం గుర్తిస్తుందో, ఏది గుర్తించదో చేరేరోజే రాసివ్వాలి.

కాంట్రాక్టు కార్మికుడి శిక్షణ రోజులకు పూర్తి కూలి ఇవ్వాలని టెండరులోనే రాయాలి. లేకపోతే కాంట్రాక్టరు ఆ రోజుల్ని నష్టం కింద లెక్కేసుకుంటాడు. ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు హెల్పరుకూ ఉండాలి, ఆపినందుకు మర్నాడు గేటు దగ్గర వెనక్కి పంపకూడదు. ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ప్లాంటు లోపల ఆరు నెలలకోసారి, బయట ఏడాదికోసారి మాక్ డ్రిల్ జరగాలి. బయటి డ్రిల్ బాధ్యత జిల్లా యంత్రాంగానిది. ఈసారి దాన్ని పగలు అధికారులు వచ్చిన వేళ కాకుండా రాత్రి షిఫ్టులో, కాంట్రాక్టు కార్మికులతో, చుట్టుపక్కల కాలనీల వాళ్లను కూడా పిలిచి జరపాలని ఎన్టీఆర్ జిల్లా కలెక్టరును కోరుతున్నాం. అందులో బయటపడిన లోపాలను తెలుగులో రాసి కొండపల్లి మున్సిపల్ కార్యాలయం గోడకు అంటించాలి.