తంగేడు తెంపితే పోదు, మొరం తవ్వితే పోతుంది

సద్దుల బతుకమ్మకు హన్మకొండలో తంగేడు కట్టలు బేరమాడి కొనడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం బజారు సరుకైంది. జనం కొమ్మలతో సహా విరిచేయడం వల్లే దొరకట్లేదని ప్రతి పండక్కీ ఒక నింద వేస్తారు. అది తప్పు.

తంగేడు అంత తేలిగ్గా చచ్చే మొక్క కాదు. నరికితే మొదలు దగ్గర మళ్లీ చిగురేస్తుంది. మేకలు పెద్దగా ముట్టవు. తోళ్లు శుద్ధి చేయడానికి తరతరాలుగా దీని బెరడు ఒలిచారు, అయినా నిలిచింది. చిక్కుడు, కంది కుటుంబానికే చెందిన ఈ పొదకు కావాల్సింది ఎండ, చెట్టు నీడ పడని మొరం నేల. దీని పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ కేసరాల కొసన సన్నటి రంధ్రాల్లో దాగి ఉంటుంది. పెద్ద నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే రాలుతుంది. ఆ తుమ్మెద ఎండుకర్ర తొలుచుకుని గూడు పెట్టుకుంటుంది. అంటే తంగేడుకు గింజ పట్టాలంటే తుమ్మెద ఉండాలి, దానికో ఎండు మోడు ఉండాలి, ఇవన్నీ ఉండే గుట్ట ఉండాలి.

నర్సరీలో పెంచి పార్కుల్లో నాటొచ్చు కదా అంటారు. నాటండి, ఎవరొద్దన్నారు? ఊరు పెరిగితే ఇళ్లు కావాలన్నదీ నిజమే. కానీ డివైడర్ మీది పది మొక్కలు ఒక బంచరాయికి, అంటే ఊరి పశువులు మేసే బీడుకు, సాటి రావు.

అసలు గొడవంతా మనం పెట్టిన పేర్లలో ఉంది. రెవెన్యూ రికార్డుల్లో ఆ నేల బంజరు, పోరంబోకు. కేంద్రం అచ్చేసే వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లో పొదలున్న నేల కూడా వ్యర్థ భూమి లెక్కే. వ్యర్థమని రాసుకున్నాక అడిగేదెవరు? ఒకడు మొరం తవ్వి వెంచర్ రోడ్లకు పోస్తాడు, ఇంకొకడు గ్రానైట్ కోస్తాడు. పచ్చదనం పేరుతో జరిగేదీ తక్కువ కాదు. 2015లో మొదలైన మొక్కలు నాటే పథకం హరితహారం, రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచుతామంది. అలాంటి లెక్కలకు చెట్టు ఆనుతుంది, పొద ఆనదు. తంగేడు పీకేసి గుంతలు తీసి మొక్కలు నాటినా అంకె పెరుగుతుంది!

బతుకమ్మను రాష్ట్ర పండుగ, తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నది 2014లోనే. ఇప్పటికైనా ప్రతి ఊరి గ్రామసభ తన పరిధిలో మిగిలిన తంగేడు గుట్టల సర్వే నంబర్లు రాసి, అక్కడ మొరం తవ్వకూడదని తీర్మానం చేయాలి. వచ్చే ఎంగిలిపూల అమావాస్యకు ముందే.