జెఫర్డ్స్ కుర్చీ కోసం పార్టీ మారలేదు

అమెరికాలో పార్టీ ఫిరాయింపుల మాట వస్తే వెర్మాంట్ సెనేటర్ జేమ్స్ జెఫర్డ్స్ పేరు తప్పకుండా వినిపిస్తుంది. 2001లో సెనేట్‌లో రెండు పార్టీలకూ చెరో 50 మంది ఉన్నప్పుడు ఆయన రిపబ్లికన్ పార్టీని వదిలి ఇండిపెండెంట్ అయ్యారు. దాంతో సభ మీద పట్టు డెమొక్రాట్లకు దక్కింది. దీని మీద చాలామంది పంచుకునే కథ ఒకటుంది: వైట్‌హౌస్ ఫంక్షన్‌కు పిలవలేదని అలిగాడు, కమిటీ ఛైర్మన్ పదవి చూపిస్తే రాత్రికి రాత్రి గోడ దూకాడు, బుష్ పన్ను బిల్లును దెబ్బకొట్టాలనుకున్నాడు, ఓటేసినవాళ్లను మోసం చేశాడు అని. మన దగ్గర గెలిచిన నెలలకే కండువాలు మార్చే ఎమ్మెల్యేలను చూసి విసిగిపోయాం కాబట్టి ఇది ఇట్టే నమ్మబుద్ధవుతుంది. నేనూ కొన్నాళ్లు నమ్మాను.

రాత్రికి రాత్రి అన్నది అసలు కుదరదు. 1981లో రీగన్ పన్ను కోతకు ప్రతినిధుల సభలో వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక్క రిపబ్లికన్ ఆయన. 1991లో క్లారెన్స్ థామస్‌ను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా వద్దన్న ఇద్దరు రిపబ్లికన్ సెనేటర్లలో ఒకరు. 1999లో క్లింటన్ అభిశంసన విచారణలో రెండు ఆరోపణలూ తోసిపుచ్చిన ఐదుగురు రిపబ్లికన్లలోనూ ఆయన ఉన్నారు. వెర్మాంట్ రిపబ్లికన్లకు ఇది వింతేమీ కాదు. కమ్యూనిస్టులంటూ ఎంతోమంది మీద నిందలు వేసిన సెనేటర్ మెకార్థీని అభిశంసించాలని 1954లో సెనేట్‌లో తీర్మానం తెచ్చిన రాల్ఫ్ ఫ్లాండర్స్‌దీ ఆ రాష్ట్రమే, ఆ పార్టీయే.

ఇక ఫంక్షన్ సంగతి. 2001 ఏప్రిల్‌లో జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం వెర్మాంట్ టీచరుకే వచ్చింది. సెనేట్‌లో విద్య చూసే కమిటీకి ఛైర్మన్ అయిన జెఫర్డ్స్‌కు మాత్రం పిలుపు రాలేదు. అవమానమే, కాదనను. కానీ తగువు అంతకు ముందే మొదలైంది, అది పిల్లల చదువు డబ్బు గురించి. వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు హక్కుగా ఇచ్చిన చట్టం 1975లో వచ్చింది. అప్పుడే కొత్తగా ప్రతినిధుల సభకు వచ్చిన జెఫర్డ్స్ దానికోసం పనిచేశారు. అమెరికాలో ఆటిజం ఉన్న పిల్లల్ని బడికి పంపే మన తెలుగు తల్లిదండ్రులకు ఐఈపీ మీటింగ్ (ఒక్కో పిల్లవాడికి విడిగా చదువు ప్రణాళిక వేసే సమావేశం) అంటే ఏమిటో తెలుసు. దాని పుట్టుక ఆ చట్టంలోనే. ఒక్కో విద్యార్థిపై అయ్యే జాతీయ సగటు ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం భరిస్తుందని అందులో రాశారు. పాతికేళ్లు గడిచినా అందులో సగం కూడా ఇవ్వలేదు. బుష్ 1.6 లక్షల కోట్ల డాలర్ల పన్ను కోత ప్రతిపాదించినప్పుడు, అందులో కొంత తగ్గించి ఈ బాకీ తీర్చమని జెఫర్డ్స్ పట్టుబట్టారు. వైట్‌హౌస్ ఒప్పుకోలేదు. ఈ ముక్క లేకుండా అలక కథ చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

కుర్చీ ఆశ చూద్దాం. ఛైర్మన్ పదవి ఆయన చేతిలో అప్పటికే ఉంది. దాన్ని వదులుకుని పర్యావరణ కమిటీకి వెళ్లారు. తనకు రావాల్సిన ఆ కమిటీ ఛైర్మన్ స్థానాన్ని డెమొక్రాట్ సెనేటర్ హ్యారీ రీడ్ ఆయన కోసం వదులుకున్న మాట నిజం. పార్టీ నిబంధన ప్రకారం పాత పదవి 2003 ఆరంభంలో ఎలాగూ పోయేది కదా అని కొందరు అంటారు. సరే, మరి ఆ 2003లోనే రిపబ్లికన్లు మళ్లీ మెజారిటీకి వచ్చారు, కొత్త కుర్చీ కూడా పోయింది. ఆయన వెనక్కి వెళ్లలేదు. 2007 జనవరిలో పదవీకాలం ముగిసేదాకా ఇండిపెండెంట్‌గానే ఉండిపోయారు.

పన్ను బిల్లు ఆరోపణకు తేదీలే జవాబు. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో ఆయన పార్టీ వీడుతున్నానని ప్రకటన చేసింది మే 24న. బిల్లు అధ్యక్షుడికి చేరాకే తన మార్పు అమలవుతుందని అప్పుడే చెప్పారు, జూన్ 6న అమలైంది.

మిగిలింది ఓటర్ల మాట. 2000 నవంబర్‌లో వెర్మాంట్ ఆయన్ను రిపబ్లికన్‌గానే గెలిపించింది, ఆరు నెలలకే ఆయన బయటికి వచ్చారు. 1983లో టెక్సస్‌కు చెందిన ఫిల్ గ్రామ్ డెమొక్రాట్లను వీడినప్పుడు సీటుకు రాజీనామా చేసి, ఉప ఎన్నికలో రిపబ్లికన్‌గా మళ్లీ గెలిచి వచ్చారు. జెఫర్డ్స్ ఆ పని చేయలేదు. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా, ఈ ఒక్క విమర్శకు నా దగ్గర జవాబు లేదు.