నీరు పల్లమెరుగు, నిజం బకెట్టెరుగు

ప్రబంధాల కాలం ముగిసిపోయిందని సాహిత్య సభల్లో కన్నీరు పెట్టేవాళ్ళున్నారు. పాపం, వాళ్ళెవరూ కానిస్టర్ ఫిల్టర్ (చేపల తొట్టి నీళ్ళను కింద పెట్టిన డబ్బాలోకి లాగి, శుద్ధి చేసి తిరిగి పంపే యంత్రం) పెట్టె మీది రాతలు చదివినట్టు లేరు. గంటకు రెండు వేల లీటర్ల ప్రవాహం, మూడంచెల శుద్ధి, చెవికి వినపడని నడక, ఒక్క నొక్కుకే ప్రైమింగ్ (గాలి తోసి డబ్బాలోకి నీళ్ళు రప్పించడం), చుక్క కారని సీలు. అష్టాదశ వర్ణనలకు కాస్త తక్కువైనా, అతిశయోక్తి అలంకారానికి మాత్రం లోటు లేదు. ఇలాంటి కావ్యాన్ని డబ్బులిచ్చి కొని, వ్యాఖ్యానం లేకుండా చదివి, తొట్టికి తగిలించుకోవడమే మన పొరపాటు. కాబట్టి ప్రతిపదార్థం చెప్పుకుందాం.

ముందుగా ఆ రెండు వేల లీటర్లు. ఇది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు, ఎందుకంటే అబద్ధం కాదు. లోపల స్పాంజ్ లేకుండా, రింగులు లేకుండా, గొట్టాలు లేకుండా, పంపు ఒక్కటే నీళ్ళలో మునిగి హాయిగా తిరిగితే అన్ని లీటర్లూ తోస్తుంది. దిగంబరంగా పరిగెత్తినవాడి వేగాన్ని మూటలు మోసేవాడికి అంటగట్టడమన్నమాట. ట్రేలు నింపి గొట్టాలు బిగించాక అందులో సగం వస్తే సంతోషించాలి. నెల తిరిగి స్పాంజ్‌లో బురద పట్టాక ఆ సగానికీ గండి పడుతుంది. కాస్త పాపభీతి ఉన్న తయారీదారులు పంపు సామర్థ్యం ఒకటి, ఫిల్టర్ ప్రవాహం ఒకటి అని రెండంకెలు వేస్తారు. పెద్ద అక్షరాల్లో ఉండేది మొదటిది. మనకు కావలసింది రెండోది, అది పెట్టె పక్కన ఏ మూలో చీమ తలకాయంత ఉంటుంది.

ఆ రెండోదీ వేయకపోతే పది లీటర్ల బకెట్ తెచ్చుకోండి. నీళ్ళు తొట్టిలోకి వచ్చే గొట్టం కొసను బయటికి తీసి, తొట్టి నీటిమట్టం ఎత్తులోనే పట్టుకుని బకెట్ నింపండి, గడియారం చూడండి. 36,000ను పట్టిన సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 60 సెకన్లయితే 600 లీటర్లు, 90 అయితే 400. కొసను కిందికి దించి నేల మీది బకెట్‌లో పట్టకండి. అప్పుడు సైఫన్ (నిండిన గొట్టంలోంచి నీళ్ళు తమంతట తామే పల్లానికి దిగడం) కూడా పంపుకి సాయం పట్టి లెక్క ఉబ్బిపోతుంది. పెట్టె రాసినవాళ్ళ సరసన మనమూ చేరతాం. కొత్తలో ఒకసారి కొలిచి అంకె రాసి పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు కడగాలో క్యాలెండర్‌ని అడగనక్కర్లేదు. మూడో వంతు తగ్గిందంటే కడిగే రోజు వచ్చినట్టే.

ఎంత ప్రవాహం చాలు? 120 × 45 × 45 సెంటీమీటర్ల తొట్టి కాగితం మీద 243 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే సుమారు 200. నిజంగా తిరిగే నీరు గంటకు దానికి మూడు నుంచి ఐదు రెట్లు, అంటే 600 నుంచి 1000 లీటర్లు ఉంటే మామూలు చేపలకు సరిపోతుంది. పెట్టె మీది పద్యంలో అది 1200 నుంచి 2000 అవుతుంది. పొడుగు రెక్కల బెట్టాకీ, గుండ్రటి గోల్డ్‌ఫిష్‌కీ ఈ లెక్కలో కింది కొస మంచిది. పై కొసను పెడితే అవి ఈదవు, కొట్టుకుపోతుంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం "ఎంత చురుగ్గా ఉన్నాయండీ!" అంటారు.

అసలు అడగాల్సిన ప్రశ్న పంపు ఎంత తోస్తుందని కాదు, పొట్ట ఎంత పెద్దదని. మురికి నిలిచేదీ, నీటిని శుద్ధి చేసే బాక్టీరియా బతికేదీ మీడియా మీద, అంటే డబ్బాలో నింపే స్పాంజ్, రింగుల వంటి సరుకు మీద. రెండు లీటర్ల మీడియా పట్టే డబ్బాకు రాక్షస పంపు తగిలించినదాని కంటే, ఐదారు లీటర్లు పట్టే డబ్బాకు సాధారణ పంపున్నది ఎప్పుడూ మేలు. చిన్న పొట్ట పది రోజుల్లో మూసుకుపోతుంది. పెద్ద పొట్ట రెండు నెలలు మన జోలికి రాదు. ఐతే మీడియా పరిమాణానికి కవితా గౌరవం లేదు కనుక దాన్ని పెట్టె మీద వెతకాల్సిందే.

ఇక్కడ ఒక పాండిత్య చర్చ కూడా తేల్చేయాలి. ఫిల్టర్ కింద, తొట్టి పైన ఉంది కాబట్టి పంపు పాపం అంతెత్తుకి నీళ్ళు మోస్తోందని జాలిపడేవాళ్ళున్నారు. రెండు గొట్టాల్లోనూ నీళ్ళు నిండి ఉన్నప్పుడు దిగే నీటి బరువూ ఎక్కే నీటి బరువూ సరితూగుతాయి. పంపుని అలసట పెట్టేది ఎత్తు కాదు, రాపిడి. అవసరానికి మించి చుట్టలు చుట్టిన గొట్టం, నడుం విరిగిన మలుపు, లోపలి గోడకు పట్టిన పాకుడు, సన్నని వ్యాసం. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్ల గొట్టం కంటే 16 మిల్లీమీటర్లదానికి నోరు ఒకటిముప్పావు రెట్లు పెద్దది. కొనేటప్పుడు గొట్టం నోట్లో వేలు పెట్టి చూసేవాళ్ళని దుకాణాల్లో వింతగా చూస్తారు, చూడనివ్వండి.

మూడంచెల శుద్ధి అనే మాటకు తాత్పర్యం ఏమిటంటే, మూడు ట్రేలున్నాయి. అంతే. వాటిలో ఏది ముందు పెట్టాలన్నది మన విజ్ఞతకు వదిలేశారు. నీళ్ళు మొదట తగిలేచోట ముతక స్పాంజ్ (అంగుళానికి 20 నుంచి 30 రంధ్రాలున్నది), తర్వాత మధ్యరకం, ఆపైన సిరామిక్ రింగులో మరో బయో మీడియానో, చిట్టచివర పల్చటి దూదిపొర. చాలా డబ్బాల్లో నీళ్ళు అడుగు నుంచి పైకి ఎక్కుతాయి కాబట్టి ముతకది అడుగున ఉండాలి. పైనున్నదే మొదటిదనుకుని తలకిందులుగా నింపితే దూది వారంలో అట్టగడుతుంది. అప్పుడు నీరు ఏం చేస్తుంది? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ట్రేకీ గోడకీ మధ్య సందు వెతుక్కుని, మీడియా మొహం చూడకుండా, మురికి మూటతో సహా పంపు దగ్గరికి పోతుంది. మూత తీసినప్పుడు దూది తెల్లగా మెరుస్తూ ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) గది నల్లగా ఉంటే, మన శుద్ధి కార్యక్రమం ఆ సందులోంచే నడుస్తోందని అర్థం. దూదిని కుక్కకండి. కొనేముందు ట్రేలు ఒకదానిలో ఒకటి బిగుతుగా కూర్చుంటున్నాయా, అంచుకి రబ్బరు సీలు ఉందా అని చూడండి.

ఇక బయో మీడియా గురించి వర్ణన వేరే స్థాయిది. ఒక్క లీటరు రాళ్ళలో మైదానమంత ఉపరితలం దాగుందట. దాగి ఉన్న మాట నిజమే. ఆ సూక్ష్మరంధ్రాల లోపలికి ప్రాణవాయువుతో నీళ్ళు పారాలి కదా! పై పొర మీద బాక్టీరియా జిగురు పట్టగానే లోపలి మైదానం గేట్లు మూసేస్తుంది. మామూలు ముతక స్పాంజ్ ఈ పనిని సగర్వంగా చేస్తుంది. దాని ధర మరీ తక్కువ కావడంతో పాపం దానికి కవులు దొరకలేదు.

చేప విడిచే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే ఈ బాక్టీరియానే అసలు ఫిల్టర్. డబ్బా వాటి వసతి గృహం. ఒక పనికి ఒక వర్గం, ఇంకో పనికి ఇంకో వర్గమని చాలాకాలం అనుకున్నారు. నైట్రోస్పైరా జాతిలో కొన్ని ఈ రెండు పనులూ ఒంటిచేత్తో చేస్తాయని 2015లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి. ఒక బృందానికి అవి దొరికింది చేపల పెంపకంలో వాడే ఫిల్టర్‌లోనే. దరఖాస్తుదారుని ఏ కిటికీకీ తిప్పకుండా అన్నీ ఒకచోటే పూర్తిచేసే కార్యాలయం భూమి మీద ఉంది. అందులో ఉద్యోగులు బాక్టీరియా.

ఆ ఉద్యోగులు కొత్త డబ్బాలో కుదురుకోడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్ బిగించిన సాయంత్రమే ఇరవై చేపలు వదిలేవాళ్ళ గురించి మన పెద్దలు ఎప్పుడో చెప్పారు: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉన్న ఉద్యోగుల్ని ఒక్కరోజులో తొలగించే పద్ధతీ ఉంది. క్లోరిన్ కలిసిన కుళాయి ధార కింద అన్ని ట్రేలూ ఒకేసారి తళతళలాడే దాకా కడగడం. తొట్టిలోంచి తీసిన బకెట్ నీళ్ళలో స్పాంజ్‌ని నాలుగుసార్లు పిండితే చాలు, రింగుల్ని ఒకసారి ముంచి తీస్తే చాలు. దూది మార్చిన రోజున స్పాంజ్ జోలికి పోవద్దు.

ఇక చుక్క కారని సీలు. మనవాళ్ళ సామెత ఉంది, నీరు పల్లమెరుగు నిజం దేవుడెరుగు అని. కానిస్టర్ ఫిల్టర్ ఆ సామెతకు చేసిన యంత్రరూపం. రెండు వందల లీటర్ల నీటికి నేలకు పోయే దారి ముందే వేసిపెట్టి, మధ్యలో ఒక రబ్బరు ఉంగరాన్ని కాపలా ఉంచాం. నమ్మకమైన ఫిల్టర్ అంటే ఆ ఉంగరం నమ్మకమైనది, దాన్ని అదిమిపట్టే క్లిప్పులు నమ్మకమైనవి, గొట్టాలు ఊడదీసే కవాటాలు నమ్మకమైనవి. మిగతాదంతా అలంకారం.

మూత తీసిన ప్రతిసారీ ఆ రబ్బరు ఉంగరాన్ని, అంటే ఓ-రింగ్‌ని, గాడిలోంచి తీసి తుడవాలి, గాడిలో ఇసుక రేణువు లేకుండా వేలు తిప్పాలి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. పెట్రోలియం జెల్లీ వద్దు, అది కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. ఉంగరం గట్టిపడినా, చదునైపోయినా, వేలితో వంచితే సన్నని పగుళ్ళు కనిపించినా మార్చేయడమే. క్లిప్పులు ఎదురెదురుగా రెండేసి వేయాలి; ఒక పక్క నుంచి వరసగా బిగిస్తే మూత ఒరిగి ఉంగరం నలుగుతుంది. నీళ్ళతో నిండిన డబ్బాను క్లిప్పులు పట్టుకుని ఎత్తే ధీరులకు రాబోయే శుక్రవారం విరిగిన క్లిప్పు దొరుకుతుంది. ఆ క్లిప్పు విడిగా అమ్ముతారా లేదా అన్నదే డబ్బాకు నిజమైన ఆయుర్దాయం.

కాపలాకి ఇంకో కాపలా కావాలి. ఫిల్టర్‌ని అంచున్న ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టండి. చిన్న లీకు చప్పున కనిపిస్తుంది. పెద్ద లీకుకి టబ్బు చాలదు కాబట్టి, నీళ్ళు పీల్చే గొట్టానికి తొట్టి లోపల, మామూలు నీటిమట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల కింద చిన్న రంధ్రం వేయండి. మట్టం అక్కడిదాకా దిగితే గాలి జొరబడి సైఫన్ తెగుతుంది. నీళ్ళు తిరిగొచ్చే గొట్టం కొస లోతుగా మునిగి ఉంటే దానికీ ఇదే వైద్యం. ఆవిరైన నీళ్ళు నింపడం మరిచిపోతే పంపు గాలి మింగి గోల చేస్తుంది. ఆ మాత్రం గోల నేల తడవడం కంటే నయం. కరెంటు తీగ ప్లగ్గుకంటే కిందికి ఒక వంపు దిగి మళ్ళీ పైకెక్కాలి, కారిన చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది.

చెవికి వినపడని నడక గురించి పొట్టిగా: కొత్తలో అందరూ నిశ్శబ్దంగానే నడుస్తారు. గరగర మొదలైతే ఇంపెల్లర్ గదిలో నత్తో, ఇసుకో, అరిగిన ఇరుసో ఉంటుంది. ఇరుసు సిరామిక్, కిందపడితే రెండు ముక్కలు. నీళ్ళు లేకుండా తిప్పితే ఇరుసు వేడెక్కి అరుగుతుంది, ఎందుకంటే నీళ్ళే దానికి కందెన. గరగర కాకుండా గళగళ వినిపిస్తే అది గాలి. డబ్బాను నెమ్మదిగా అటూ ఇటూ వంచితే వదిలిపోతుంది. మళ్ళీ మళ్ళీ వస్తుంటే, నీళ్ళు పీల్చేచోట గాలిరాయి (తొట్టిలో గాలి బుడగలు వదిలే రాయి) పెట్టారేమో చూడండి. ఒక్క నొక్కుకే ప్రైమింగ్ అంటే ఏడెనిమిది నొక్కులు, అదీ గొట్టాల్లో నీళ్ళుంటే. ప్రైమింగ్ మీట అసలే లేని ఎహైమ్ క్లాసిక్ తరహా పాతకాలపు డబ్బాలు వాడేవాళ్ళు ఈ మాట చెప్పినప్పుడు చిరునవ్వు నవ్వుతారు. చెడిపోడానికి అందులో మీటే లేదు. యూవీ దీపమున్న మోడళ్ళు పచ్చనీళ్ళకు పనికొస్తాయి. రోగాలన్నీ పోతాయని రాసింది ఫలశ్రుతి. బొగ్గు సంచి మందులు వేసిన తర్వాత నీటిలోంచి వాటిని లాగడానికే, నిత్యపూజకు కాదు.

కరెంటు గంటల తరబడి పోతే మాత్రం జాగ్రత్త. మూసిన డబ్బాలో ప్రాణవాయువు త్వరగా అయిపోతుంది, ఉద్యోగులు ఉక్కిరిబిక్కిరవుతారు. కుళ్ళిన నీళ్ళన్నీ కరెంటు రాగానే తొట్టిలోకి గుప్పుమంటాయి. చాలాసేపు ఆగిపోయుంటే మూత తీసి, ఆ నీళ్ళు పారబోసి, స్పాంజ్ పిండి, అప్పుడు ఆన్ చేయాలి. తొట్టి పెద్దదైతే ఒక మహాకాయం బదులు రెండు మధ్యరకం ఫిల్టర్లు పెట్టడానికి ఇదీ ఒక కారణం. ఒకటి మొరాయిస్తే రెండోది నడుస్తుంది, ఒకదాన్ని కడిగిన నెల రెండోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇరవై వాట్ల ఫిల్టర్ ఏడాదంతా తిరిగితే 175 యూనిట్లు. వాట్ల అంకె కూడా పెట్టె మీదే ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ ఛందోబద్ధం చేయలేదు.

ఇక కావ్యంలో చివరి సర్గ వారంటీ కాగితం. పెట్టె మీద అక్షరాలు అరచేయంత, ఇక్కడ ఆవగింజంత. ఇంపెల్లర్, ఇరుసు, రబ్బరు ఉంగరం వంటి అరిగే భాగాలకు వారంటీ వర్తించదని చాలా కాగితాల్లో ఉంటుంది. నీరు కారి నేలకో సామానుకో నష్టం వస్తే తమ బాధ్యత కాదనీ ఉంటుంది. అంటే నీళ్ళు మోసే యంత్రానికి, నీళ్ళ వల్ల తప్ప మరే కారణంగా చెడిపోయినా పూర్తి హామీ అన్నమాట. కొనేముందు దుకాణదారుని ఒక్క ప్రశ్న అడగండి: ఇదే మోడల్‌కి ఓ-రింగ్, ఇంపెల్లర్, క్లిప్పు ఇప్పుడు మీ దగ్గర విడిగా ఉన్నాయా? ఉన్నాయంటే ఫిల్టర్‌తో పాటు ఒక ఓ-రింగ్, ఒక ఇంపెల్లర్ కూడా కట్టించేయండి. "తెప్పిస్తామండీ" అంటే ఆ పెట్టెను మెల్లగా అరలో పెట్టేసి పక్క పెట్టె చదవడం మొదలుపెట్టండి.