శుక్రవారం సాయంత్రం తలుపు తీయాలి

డల్లాస్ చుట్టుపక్కల మన కుటుంబాల్లో విడాకుల సంగతి ఇప్పుడు ఎవరూ దాచుకోవడం లేదు. విడాకులయ్యాక పిల్లల్ని చూడనివ్వని అన్యాయం గురించి మాత్రం ఇంకా నోరు మెదపం. కోర్టు ఆర్డర్ చేతిలో ఉంటుంది. నెలలో మొదటి, మూడో, ఐదో శుక్రవారాలు మొదలుకొని ఆదివారం సాయంత్రం దాకా బాబు తండ్రి దగ్గర ఉండాలని అందులో రాసి ఉంటుంది. తండ్రి వచ్చి బెల్ కొడతాడు, తలుపు తీయరు. లేదంటే "వాడికి జ్వరం, ఈ వారం వద్దు" అని మెసేజ్. ఇలా కొన్ని నెలలు గడిచాక బాబే "నేను రాను" అంటాడు. తల్లిని ఇలా దూరం పెట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి, ఆ తల్లుల బాధ ఇంకా తక్కువ బయటికొస్తుంది.

టెక్సాస్ చట్టం ఈ విషయంలో మెతకగా లేదు. ఆర్డర్ తప్పితే కోర్టు ధిక్కారం కింద ఒక్కో ఉల్లంఘనకి 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పోయిన రోజులకి బదులు రోజులు ఇప్పించే అధికారం జడ్జికి ఉంది. తప్పు రుజువైతే లాయర్ ఖర్చు కూడా సాధారణంగా తప్పు చేసినవాళ్ల మీదే పడుతుంది.

అయినా ఎందుకు ఆగడం లేదంటే, ఇందులో ఏదీ దానంతటది జరగదు. చైల్డ్ సపోర్ట్, అంటే బిడ్డ పోషణకి కోర్టు కట్టమన్న డబ్బు, కట్టకపోతే రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు వెంటపడుతుంది, జీతంలోంచే కోత పడుతుంది, బాకీ 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్టు కూడా ఇవ్వరు. పిల్లవాణ్ని చూపించకపోతే మాత్రం నష్టపోయినవాళ్లే లాయర్‌ని పెట్టుకుని, ఆర్డర్ అమలు చేయించమని కోర్టులో అర్జీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ మోషన్) వేయాలి. పోలీసుల్ని పిలిస్తే చాలాసార్లు "ఇది సివిల్ వ్యవహారం, కోర్టుకెళ్లండి" అని వెళ్లిపోతారు. డబ్బు వసూలుకి ఇంత యంత్రాంగం పెట్టిన ప్రభుత్వం, బిడ్డకి దక్కాల్సిన రోజుల్ని ఎవరి ఖర్చుకి వాళ్లని వదిలేయడం నాకు సహించదు. ఇంకో మాట. సపోర్ట్ రాలేదని బిడ్డని ఆపకూడదు, బిడ్డని చూపించలేదని సపోర్ట్ ఆపకూడదు. చట్టం దృష్టిలో రెండూ వేర్వేరు. మనవాళ్లు ఈ రెండింటినీ ముడిపెట్టి ఇద్దరూ దోషులవుతున్నారు.

మోషన్‌లో ప్రతి ఉల్లంఘనకీ తేదీ, చోటు, టైము రాయాలి. అందుకే "రావద్దు" అని మెసేజ్ వచ్చినా ఆర్డర్‌లో ఉన్న చోటికి ఉన్న టైముకి వెళ్లాలి. బెల్ కొట్టి, కాసేపు ఆగి, గుమ్మం ఫోటో తీసుకోవాలి. ఆ టైముకి మీరు అక్కడున్నట్టు రుజువుగా దగ్గర్లోని గ్యాస్ స్టేషన్‌లో నీళ్ల సీసా కొని రసీదు దాచుకోవాలి. ఆ రాత్రే మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. గుమ్మంలో మాత్రం గొంతు పెంచకండి. లోపల బిడ్డ వింటుంటుంది.

ఆర్డర్‌లో స్పష్టంగా రాయనిదాన్ని కోర్టు అమలు చేయలేదు. బిడ్డ ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలో చెప్పే టెక్సాస్ స్టాండర్డ్ షెడ్యూల్‌లో థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్, మదర్స్ డే, ఫాదర్స్ డే ఉన్నాయి. ఉగాది, దసరా, దీపావళి లేవు. సంతకాలప్పుడు "పండగలకి మనమే సర్దుకుందాం" అనుకుంటారు, మొదటి దీపావళికే గొడవ మొదలవుతుంది. ఏ పండగ ఏ ఏడాది ఎవరిది, తేదీకి ఏ పంచాంగం చూడాలి, ఎన్నింటికి దింపాలి, అన్నీ రాయించుకోండి. ఇండియాలో ఉన్న అమ్మమ్మ, నానమ్మలతో వీడియో కాల్ టైము కూడా.

ఆపిన ప్రతివాళ్లూ కక్షతోనే ఆపుతున్నారని నేను అనను. ఇంట్లో దెబ్బలు తిన్న తల్లి భయపడటం న్యాయమే. ఆమెకి కావాల్సింది మూడో మనిషి పర్యవేక్షణలో బిడ్డని చూపించే ఆర్డర్, అది అడిగి తెచ్చుకోవాలి. హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసా ఆధారంగా ఉన్న భార్యకి విడాకులతో ఆ వీసా హోదా పోతుంది, ఇక్కడ పుట్టిన బిడ్డ మాత్రం అమెరికా పౌరుడు. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లకి మన పెద్దలు ఇచ్చే సలహా ఒకటుంది: "బిడ్డని తీసుకుని హైదరాబాద్ వచ్చెయ్యమ్మా, అన్నీ అవే చల్లారతాయి." దయచేసి ఈ మాట అనకండి. దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపించే 1980 హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు, ఇక్కడి ఆర్డర్ కూడా అక్కడ వెంటనే చెల్లదు. అవతలివాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి, బిడ్డ మధ్యలో పెరుగుతుంటుంది. ఆర్డర్‌ని కాదని తీసుకెళ్తే ఇక్కడ క్రిమినల్ కేసు కూడా కావచ్చు. వర్జీనియాలో కాపురమున్న జంట కేసులో 2020లో భారత సుప్రీంకోర్టే, తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ ప్రాథమిక మానవ హక్కు అంది.

ఇక మన తెలుగు సంఘం సంగతి. తెలుగు బడి ఆదివారం ఉంటుంది, చాలామంది పిల్లలకి అది ఇల్లు మారే రోజు. బడి జరిగే హాల్లోనే అప్పగింతకి ఒక గది, ఎవరి తరఫూ కాని ఇద్దరు వాలంటీర్లు, టైము రాసే ఒక రిజిస్టర్ పెడదాం. ఉపాధ్యాయులు ఆ పిల్లల్ని "మీ నాన్న వస్తున్నాడా?" అని అడగకూడదని ముందే చెబుదాం. పికప్ లిస్టులో ఆర్డర్ ప్రకారం ఇద్దరి పేర్లూ ఉండాలి, ఫీజు ఎవరు కట్టినా సరే. ఈ తీర్మానం కార్యవర్గం వచ్చే సమావేశంలో పెట్టాలని కోరుతున్నాను, వాలంటీర్లలో మొదటి పేరుగా నాది రాసుకోండి.